చిన్నమ్మ ఎడమ కన్ను

మొయినాబాద్ దగ్గర ఒక ల్యాబులో నా ఉద్యోగం. ఫ్యాక్టరీల్లో తయారయ్యే రసాయనాలు కంటికి ఎంత హాని చేస్తాయో పరీక్షిస్తాం. కబేళా నుంచి ఐసు డబ్బాలో పశువుల కళ్ళు వస్తాయి. వాటి ముందరి పొర కోసి, దాని మీద రసాయనం వేసి, పది నిమిషాలకు కడిగి, వెలుగు ఎంత దాటుతుందో చూస్తాం. పొర తెల్లబడితే ‘కంటికి తీవ్ర హాని’ అని రిపోర్టు రాస్తాం.

మా చిన్నమ్మ అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో బాత్‌రూములు కడిగేది. పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఎడమ కంటికి కొంగు అదుముకుని మొయినాబాద్ పక్కనే ఉన్న హిమాయత్‌నగర్ ఊళ్ళోని మా ఇంటికి వచ్చింది.

“కంట్ల బాత్‌రూం కడిగే మందు పడ్డది బిడ్డా, జర చూడు.”

“ఎప్పుడు పడ్డది?”

“పొద్దుగాల. రెండు చెంబుల నీళ్ళు కొట్టుకున్న. పని ఒడిసినంక వచ్చిన.”

కొంగు తీసి చూశాను. కంటి నల్లగుడ్డు మొత్తం పాలు కలిపినట్టుంది. నేను రోజూ చూసే తెలుపే. నల్లా కింద పడుకోబెట్టి అరగంట నీళ్ళు పోశాను. లాభం లేదని తెలిసే పోశాను. చేవెళ్ల దవాఖానవాళ్ళు పట్నం పంపారు. మందు పడగానే చాలాసేపు కడిగి ఉంటే కొంతైనా చూపు మిగిలేదని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

మర్నాడు ఫామ్‌హౌస్‌కు వెళ్ళాను. స్టోర్‌రూములో పెద్ద క్యాను ఉంది. దాని మీద మేం రాసేలాంటి వాక్యమే, ఇంగ్లీషులో.

“లేబుల్ మీద ఉన్నది కదా, చదువుకోవాలె,” అన్నాడు మేనేజరు.

“ఆమెకు మీరిచ్చింది నీళ్ళ బాటిల్ల పోసి. దానికి లేబుల్ ఏది అన్నా?”

అతను ఫోను చూసుకుంటూ బయటికి నడిచాడు. వారం తిరక్కుండా ఆ పనిలో ఇంకొకామెను పెట్టుకున్నారు.

చూపు రాలేదు. ఒకరోజు చిన్నమ్మ అడిగింది: “మీ కాడ చూసే కండ్లు మళ్ల మంచిగైతయా?”

“కావు చిన్నమ్మ.”

“మరెందుకు చూసుడు?”

“ముందే తెలుసుకునేందుకు.”

“ఎవరు తెలుసుకునేందుకు?”



ఇప్పుడామె జన్వాడలో ఇంకో ఫామ్‌హౌస్‌కు పోతోంది. అక్కడా బాత్‌రూములే. వద్దంటే వినలేదు. ల్యాబులో కంటికి రక్షణగా పెట్టుకునే అద్దాల్లాంటివి కొనిచ్చాను. రెండు రోజులు పెట్టుకుని తిరిగి ఇచ్చేసింది.

“ఆవిరి పడుతున్నది బిడ్డా. ఉన్న కన్ను గూడ కనిపిస్తలేదు.”