కర్లూ నిద్ర లేచే రోజు

మార్చి పదహారున మధ్యాహ్నం కర్లూ మాకు బదులు చెప్పాలి. చెప్పలేదు.

కర్లూ అంటే పంతొమ్మిదేళ్ల కిందట పైకి పంపిన చిన్న వ్యోమనౌక. గురుగ్రహాన్ని దాటి ఒంటరిగా పోతూ ఉంటుంది. మేం ఇక్కడ, బిండారా మైదానంలో, గొర్రెల మధ్య నిలబెట్టిన పెద్ద రేడియో డిష్‌తో దాన్ని పిలుస్తాం. మా పిలుపు చేరడానికి నలభై ఆరు నిమిషాలు, దాని బదులు మాకు అందడానికి ఇంకో నలభై ఆరు. దాని బ్యాటరీ ముసలిదైపోయింది కాబట్టి ఎప్పుడూ నిద్రపోతూనే ఉంటుంది. మేం చెప్పిన రోజున లేచి, నాలుగు గంటలు చెవి వొగ్గి వింటుంది. పిలిస్తేనే పలుకుతుంది. మళ్లీ ఏ రోజు లేవాలో చెప్పించుకుని పడుకుంటుంది.

దాన్ని పడుకోబెట్టి, లేపే ఆ చిన్న ప్రోగ్రాం రాసింది మెర్ల్ ప్రెండర్‌గాస్ట్. వయసు అరవై నాలుగు. గొర్రెల బొచ్చు వేలం వేసే కంపెనీలో, బేళ్ల తూకాలు లెక్కగట్టే కంప్యూటర్ మీద ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. మా కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉంది. రెండు కుక్కలు, ఒక కూరగాయల మడి. ఆ మడిలో కాసే గుమ్మడి జాతి కాయలు ఎవరి కారు తలుపు తెరిచి ఉంటే వాళ్ల కార్లో పడేసి పోతుంది. అన్నేళ్లుగా ఆకాశంతో మాట్లాడుతోంది గానీ, ఒక్క రాత్రయినా నక్షత్రాల్ని చూడ్డానికి బయటికి రాగా నేను చూడలేదు. అడిగితే "బయట చలి" అంటుంది.

నేను టెస్సా. ఇక్కడికి రాకముందు సిడ్నీలో ఫోన్లకి ఆటలు రాసేదాన్ని. మా ఆటల్లో హీరో చస్తే ఇంకో రెండు ప్రాణాలుంటాయి. సినిమాల్లో అయితే ఎవడో రెండు చేతులతో టకటకా కొడతాడు, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు పరుగెడతాయి, భూగోళం బతికిపోతుంది. గురువారం సాయంత్రాలు పబ్ వెనక గదిలో మేమందరం అలాంటి సినిమాలే చూస్తాం. చప్పుడు పుట్టడానికి గాలే లేని అంతరిక్షంలో ఏదైనా ఢామ్మని పేలిందంటే అందరం ఒకేసారి దగ్గాలి, అదీ మా ఆచారం. ఒక్కోసారి సినిమా అంతా దగ్గుతోనే సరిపోతుంది. మెర్ల్ మాత్రం రెండు వేళ్లతో టైపు చేస్తుంది. ప్రతి ఆదేశాన్నీ మూడుసార్లు పైకి చదివి గానీ పంపదు.

అలాంటి మనిషి పంపిన ఆదేశానికి బదులు రాలేదు. రెండు రోజులు ఆమె తన పాత ప్రోగ్రాంని వరస వరసా తవ్వింది. మూడో రోజు నగరంలోని పెద్దాఫీసు నుంచి ఫోనొచ్చింది. అటువైపు గొంతు మాటల మధ్యలో "ఇవాళ డెబ్బై ఎనిమిదో రోజు కదా" అంది. మెర్ల్ తలెత్తి గోడ మీది క్యాలెండర్ చూసింది. దాని మీద డెబ్బై ఏడు అని ఉంది.

మేం తేదీలు వాడం. జనవరి ఒకటి నుంచి రోజుల్ని వరసగా లెక్కపెడతాం, నౌకలకీ అదే లెక్క. కొత్త ఏడాది మొదటి షిఫ్టులో, అందరికంటే ఆలస్యంగా ఉద్యోగంలో చేరినవాళ్లు దాణా కొట్టువాడిచ్చిన క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో మూడొందల చిల్లర అంకెలూ వేయాలి. ఈ ఏడు వేసింది నేను. అది లీపు సంవత్సరం. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది గడిని నేను ఖాళీగా వదిలేసి, అక్కడ పడాల్సిన అరవైని మార్చి ఒకటికి వేసేశాను. మిగతా నౌకలకి రోజులు కంప్యూటరే చూసుకుంటుంది. కర్లూ పాతది కాబట్టి దాని ఆదేశం చేత్తోనే రాయాలి. మెర్ల్ గోడ చూసి, మార్చి పదహారుకి డెబ్బై అయిదని రాసింది; అసలు లెక్కలో అది పదిహేను. పాపం కర్లూ పదిహేనునే లేచి, నాలుగు గంటలు విని, ఎవరూ పిలవక మళ్లీ పడుకుంది.

నేను లేచి గోడ మీంచి ఆ క్యాలెండర్ దింపేశాను.

"ఇంకో అవకాశం ఉంది," అంది మెర్ల్. "ఎవరూ పిలవకపోతే ఆరు రోజులకి మళ్లీ లేవమని రాశాను. ఇరవై ఒకటిన లేస్తుంది."

"అప్పుడూ వినకపోతే?" అన్నాడు క్లైవ్. అతను మా షిఫ్టుకి పెద్ద.

"హీటర్ ఆపేసుకుంటుంది. అదీ నేనే రాశాను. అంతే సంగతులు."

ఇరవై ఒకటిన పొద్దుటి నుంచే పడమటి గాలి. గాలి గంటకి యాభై అయిదు కిలోమీటర్లు దాటితే డిష్‌ని నిటారుగా ఆకాశంకేసి తిప్పి కట్టేయాలి, లేకపోతే విరిగిపోతుంది. అందుకని పిలుపునీ, మళ్లీ లేవాల్సిన రోజునీ మెర్ల్ ఒకే ఆదేశంలో పెట్టింది. నూట ఇరవై ఒకటో రోజు, అంటే ఏప్రిల్ ముప్ఫై. ఈసారి షిఫ్టులో ఉన్న నలుగురం వేళ్ల మీద లెక్కపెట్టాం. పన్నెండూ పదికి పంపింది. బదులు రావాల్సింది ఒకటీ నలభై రెండుకి.

"నలభై ఏడు," అన్నాడు క్లైవ్ గాలి మీటర్ చూస్తూ.

నాకు కూర్చోబుద్ధి కాక మెర్ల్ దగ్గరికి వెళ్లాను. "క్యాలెండర్ తప్పు గురించి నగరానికి పంపిన నివేదికలో నా పేరు ఎందుకు రాయలేదు?"

"అంకెలు వేసింది నువ్వు. వాటిని నమ్మింది నేను. అది నమ్మింది నన్ను," అంది మెర్ల్. "అందులో నీ పేరెక్కడ పెట్టమంటావే?"

"తిట్టవచ్చు కదా! నాలుగు తిడితే నాకు అన్నమైనా సయిస్తుంది."

"నీ అన్నం కోసం నేనిప్పుడు తిట్లు వెతుక్కోవాలా? కూర్చో, కాళ్లకి అడ్డం పడుతున్నావు."

"యాభై రెండు," అన్నాడు క్లైవ్. కాసేపటికి, "యాభై నాలుగు." ఒకటీ ముప్ఫై ఒకటికి అతను మెర్ల్ ముఖంలోకి చూడలేక నేల చూశాడు. "యాభై ఎనిమిది. మెర్ల్, తప్పదు."

"తిప్పు," అంది ఆమె.

డిష్ మూలుగుతూ పైకి తిరిగింది. ఒకటీ నలభై రెండు అయింది, పోయింది. కర్లూ విందో లేదో, పలికిందో లేదో ఎవరికీ తెలియదు. విని ఉంటే ఏప్రిల్ ముప్ఫై దాకా పడుకుంటుంది, వినకపోతే ఇక లేవదు. నాకు ఆ గాలి మీద ఎంత కోపమొచ్చిందంటే, బయటికెళ్లి నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను.

వారం తిరక్కుండానే నగరం నుంచి ఉత్తరం వచ్చింది. కర్లూ పని ముగిసిందని, ఇకపై దానికి డిష్ సమయం ఇవ్వలేమని. ఏప్రిల్ పంతొమ్మిదిన మెర్ల్ ఉద్యోగ విరమణ. బహుమతి ఏం కావాలో కనుక్కురమ్మని నన్ను పంపారు. గేలం కర్ర అంటుందనుకున్నాం.

"ముప్ఫయ్యో తారీఖున నాలుగు గంటలు డిష్ ఇవ్వండి," అంది.

"కుదరదు, ఆ రోజు డిష్ ఆపి గ్రీజు పెట్టే పనుంది," అన్నాడు క్లైవ్ నా మాట విని. రెండు రోజులు పనుల జాబితా చేత్తో పట్టుకుని తిరిగాడు. మూడో రోజు వచ్చి, "గ్రీజు మర్నాడు పెట్టుకుంటాంలే," అన్నాడు.

ముప్ఫయ్యో తారీఖున మెర్ల్ మెడలో సందర్శకుల కార్డు వేసుకుని వచ్చింది. సందర్శకులు కీబోర్డు ముట్టుకోకూడదు. నేను ఆమె కుర్చీలో కూర్చున్నాను, ఆమె నా వెనక నిలబడింది. పిలుపు పంపాను. గాలి లేదు. నలభై రోజుల కిందటి పిలుపుని ఒకవేళ అది వినకపోయి ఉంటే, హీటర్ ఆరిపోయి ఎప్పుడో గడ్డకట్టి ఉంటుంది. తొంభై నిమిషాలైంది. తొంభై ఒకటి. మెర్ల్ చెయ్యి నా కుర్చీ వీపుని పట్టుకుంది.

తెర మీద అడుగున, ఆకాశపు రొద గీసే చిత్తు గీతల మధ్యలో ఒక సన్నని గీత నిలబడింది. ఒక నిమిషం చూశాం. అది పడిపోలేదు.

"అదే," అన్నాడు క్లైవ్. "అదేనా?"

మెర్ల్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "లేచావుటే," అంది తెరతో.

నేను ఏడ్చేశాను. కాసేపటికి తేరుకుని, "మళ్లీ ఏ రోజు లేవమనను?" అని అడిగాను.

"నన్నడుగుతావేం? నేను చుట్టాన్ని." అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుంది. "కుక్కలకి తిండి వేళయింది."

"జవాబు వచ్చేదాకా ఉండవా?"

"నాకు రావాల్సింది వచ్చిందిగా. ఇప్పుడొచ్చేది నీకు."

ఆమె కారు కంకర మీద వెళ్లిపోవడం వినిపించింది. నేను జనవరి నుంచి రోజులు లెక్కపెట్టాను, క్లైవ్‌తోనూ లెక్కపెట్టించాను. ఆదేశాన్ని మూడుసార్లు పైకి చదివి పంపాను. ఇక తొంభై రెండు నిమిషాలు. క్లైవ్ టీ తెచ్చి ఇస్తే, తెర మీంచి చూపు తిప్పకుండా అందుకుని సగం టీ ఒళ్లో పోసుకున్నాను. మెర్ల్ పంతొమ్మిదేళ్లు ఈ కుర్చీలో ఇలాగే కూర్చుందని నాకు అప్పుడు తెలిసింది.