మూత తీసి చూసిన సరుకు

పోయిన వారం హిందూపురంలో బంధువుల ఇంట్లో పాపకు పేరు పెడుతున్నారంటే వెళ్లాను. భోజనంలో పుట్టగొడుగుల వేపుడు వడ్డించారు. అది విస్తట్లో పడిందో లేదో, ఎదురు వరసలో కూర్చున్న మా పెదనాయన ఒక ముక్కను వేలితో అటూ ఇటూ దొర్లించి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పక్కనున్న పెద్దమనిషితో, "ఇట్లాంటివి మా ధర్మవరం మరదలు గంపలు గంపలు తీసేది. ఆ యాపారం దగ్గరుండి పెట్టిచ్చింది నేనే లేప్పా" అన్నాడు. నేను ముద్ద విస్తట్లోనే వదిలేసి ఆయన వైపు చూశాను. ఆ ధర్మవరం మరదలు, అంటే మా అమ్మ చెల్లెలు, నా పక్క విస్తట్లోనే తల ఎత్తకుండా చారన్నం కలుపుకుంటోంది. "తిను మే, చల్లారిపోతాది" అంది చిన్నమ్మ, నా మోచేతిని పొడుస్తూ. నేను హిందూపురం బజారులో త్రాసు పళ్లేల మధ్య పెరిగినదాన్ని. కోపం అప్పటికప్పుడు బయటపెడితే బేరం చెడిపోతుందని చిన్నప్పుడే నేర్చుకున్నాను. అందుకని అక్కడ నోరు మూసుకుని, ఇంటికొచ్చి ఇలా కాగితం మీద అరుస్తున్నాను.

పెదనాయన నడిపే మా అంగడి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. మూత తీసి చూడకుండా సరుకు కొనడం మా ఇంటావంటా లేదు. మిరపకాయల బస్తాలో భుజం దాకా చెయ్యి దూర్చి అడుగునున్న కాయ తీయాలి. బెల్లం గిల్లి నలపాలి. నెయ్యి ముంజేతి వెనక రాసి వాసన చూడాలి. అమ్మేవాడు అడ్డం చెబితే లోపల ఏదో ఉందని అర్థం. ఈ జబ్బు నాకూ తక్కువేమీ లేదు. పెళ్లిచూపులకు వచ్చిన మనిషి ముఖం చూడకుండా, గడప బయట వదిలిన చెప్పుల అడుగులు అరిగిన తీరు చూసి మనిషిని అంచనా కట్టినదాన్ని. అంచనా తప్పింది; వాపసు తీసుకునే అంగడి ఎక్కడా దొరకలేదు. అది వేరే కథ.

చిన్నమ్మను ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చారు. చిన్నాయన పట్టుచీరలు నేసేవాడు. మరమగ్గాల చీరలు బజారంతా నిండాక ఆయన మగ్గం ఆగిపోయింది, ఆయన వేరేవాళ్ల దగ్గర కూలికి కుదిరాడు. ఇంట్లో మిగిలింది నేసేటప్పుడు కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంత. ఎండాకాలంలో ధర్మవరం మిద్దెల మీద అప్పడాలు కాల్చుకోవచ్చు గానీ, ఆ గుంతలో మాత్రం ఎప్పుడూ చల్లగా ఉంటుంది. చిన్నమ్మ ఎక్కడో శిక్షణకు పోయి పాలపుట్టగొడుగులు పెంచడం నేర్చుకుని వచ్చి, ఆ మగ్గం గదిలోనే వరిగడ్డి పడకలు వేసింది. కొనుక్కొచ్చిన విత్తనం మా ఎండకు నిలవలేదు. ఒక ఏడాది వానలు పడ్డాక పెనుకొండ కొండవాలులో ఆమెకు బలమైన కాడతో తెల్లటి గొడుగు ఒకటి దొరికింది. చిన్నప్పుడు మా అవ్వ వెంట తిరిగి ఏరుకొచ్చి వండుకున్న రకమే. ఈసారి వండలేదు. చీల్చి, లోపలి కండలోంచి బియ్యపు గింజంత తీసి, అగర్ మీద నాటింది.

అగర్ అంటే మా అంగడిలో జెల్లీ చేసుకునేవాళ్లకు అమ్మే సముద్రపు నాచు పొడే. ఆలుగడ్డలు ఉడికించిన నీళ్లలో చక్కెర, ఆ పొడి కలిపి, సన్నటి గాజు గొట్టాల్లో కొంచెం కొంచెం పోసి, దూది బిరడాలు పెట్టి కుక్కర్లో ఉడికించేది. వేడి మీదే గొట్టాలను చపాతీ కర్రకు ఆనించి పడుకోబెడితే లోపల ఏటవాలుగా గడ్డకట్టేది. గాలి ఆడి బూజు పడకుండా ఈ నాటే పని చేసుకోవడానికి ఆమెకు గాజు పెట్టె కావలసి వచ్చింది. మా అంగడిలో మూలపడిన బన్నుల పెట్టె కోసం పెదనాయనతో బేరమాడింది నేను. తీరా ఇచ్చేటప్పుడు అందులో రాలిన బన్నుల పొడి కూడా తూకం వేస్తాడేమోనని భయపడ్డాను. ఆ పెట్టెలో స్పిరిట్ దీపం వెలిగించి, సూది ఎర్రగా కాల్చి చిన్నమ్మ పని చేస్తున్నంతసేపూ ఫ్యాను ఆపాలి, ఎవరూ మాట్లాడకూడదు. "నీ నోట్లో ఉండేవన్నీ దీంట్లో మొలుస్తాయి మే" అనేది. నా నోటి సంగతి తెలిసినవాళ్లకు ఇందులో అతిశయోక్తి కనబడదు.

కొన్నాళ్లకు ఆ ఏటవాలు మీద పట్టుపోగుల కంటే సన్నటి తెల్లదారాలు పాకేవి. వాటిని ఉడికించిన జొన్నల్లోకి మారిస్తే అదే విత్తనం. ఒక గొట్టం పాతబడేలోగా దాంట్లోంచి ఇంకో గొట్టానికి మార్చుకుంటూ పోవాలి. ఫ్రిజ్‌లో పెడితే ఆ చలికి ఈ రకం చచ్చిపోతుంది. అందుకని మగ్గం గుంతలో, తడి ఇసుక పోసిన కుండలో గొట్టాలు దాచేది. ఎండలకు ఊళ్లో అందరి పడకలూ మాడిపోతే ఆమె పడకలు విరగకాసేవి.

అప్పుడు మడకశిర వైపు నుంచి ఒక వ్యాపారి కబురు పెట్టాడు. తన రైతులకు ఏడాది పొడుగునా ఈ విత్తనమే కావాలట. అది కుదిరితే చిన్నాయన కూలి మానేసి సొంత ఇంట్లో జొన్నలు ఉడికించుకుంటూ కూర్చోవచ్చు. బేరానికి నన్ను పిలిచారు. పెద్దదిక్కుగా ఉంటాడని పెదనాయననూ పిలిచారు. ఈ రెండో పిలుపు ఎవరి ఆలోచనో ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు. పాత పడకలు ఎత్తేసి, కొత్తవి ఇంకా వేయని రోజులవి. పెనుకొండ రకం ఉన్నదంతా ఆ గొట్టాల్లోనే. గాజు బయటినుంచి చూపిద్దామని చిన్నమ్మ వాటినన్నిటినీ బల్ల మీద వరసగా నిలబెట్టి, కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను స్టేషనుకు పోయి వ్యాపారిని వెంటబెట్టుకుని వచ్చాను.

వచ్చేసరికి పెదనాయన అక్కడ అంగడి తెరిచి కూర్చున్నాడు. ఒక్క గొట్టానికీ బిరడా లేదు. దూది ఉండలన్నీ ఆయన పంచె మీద కుప్పగా ఉన్నాయి. ఒక గొట్టం, ఎప్పుడూ నశ్యంతో నిండి ఉండే ఆ ముక్కు కింద ఉంది. ఇంకో గొట్టంలోంచి చీపురుపుల్లతో గిల్లిన ముక్కను బెల్లం చూసినట్లు వేళ్ల మధ్య నలుపుతున్నాడు. మమ్మల్ని చూడగానే ముఖం వెలిగిపోయింది. "రాండప్పా రాండి. అంతా తెరిచిపెట్టినా. వాసన చూసుకోండి, యాడా మోసం లేదు" అని, తుమ్మాడు.

"ఏం చేస్తాండావు పెదనాయనా?" అన్నాను.

"ఏం చేస్తాండానా? మూసిపెట్టిన సరుకు ఎవురు కొంటారు మే? నువ్వు అంగట్లో పుట్టినదానివేనా?"

వ్యాపారి కూడా మాలాగే మూత తీసి చూసే జాతివాడే. వంగి, ఒక గొట్టం వాసన చూసి, "బాగుండాది, తేమ మన్ను వాసన" అన్నాడు. అంతలో చిన్నమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. బల్ల చూసింది. పంచె మీద దూది చూసింది. వ్యాపారికి కాఫీ ఇచ్చింది, నాకు ఇచ్చింది. పెదనాయన చెయ్యి చాపాడు. ఆయన గ్లాసు మాత్రం తిరిగి లోపలికి తీసుకుపోయింది. మా ఇళ్లలో అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆయనకు అది తిట్టని తెలిసిందో లేదో, "చక్కెర మరిచిపోయినట్లుండాది" అన్నాడు.

తరువాత జరిగింది మీరు ఊహించగలరు. తెల్లదారాల మీద పచ్చటి బూజు లేచింది, దాని మీద నల్లది. చిన్నమ్మ రోజుల తరబడి ఆ గాజు పెట్టె ముందు కూర్చుని, బూజు ఇంకా చేరని అంచు కోసం వెతికి, సూదిమొనతో తీసి కొత్త అగర్ మీద పెట్టేది. ప్రతిసారీ బూజు వెంటే వచ్చేది. చివరి గొట్టం కూడా పచ్చబడ్డాక అన్నిటినీ కుక్కర్లో వేసి ఉడికించి కడిగి బోర్లించింది. వ్యాపారి ఇంకెవరి దగ్గరికో పోయాడు. చిన్నాయన ఇప్పటికీ కూలికే పోతున్నాడు. పెదనాయన ఫోనులో ఇచ్చిన తీర్పు మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "రోంత గాలి తగిలితేనే చెడిపోయే సరుకు యాడన్నా ఉంటాదా? ఆ సరుకులోనే ఏదో లోటు ఉండాది." ఆయన దగ్గరుండి పెట్టించిన వ్యాపారం అదీ.

అప్పటినుంచి ఏటా వాన పడగానే చిన్నమ్మ ఫోను చేస్తుంది. "పెనుకొండలో వానంట. బండి తీయి మే." నేను హిందూపురం నుంచి స్కూటీ మీద, ఆమె ధర్మవరం నుంచి బస్సులో వచ్చి కలుస్తాం. కొండవాలంతా ముళ్లు గీరుకుంటూ తిరుగుతాం. దొరికినవి కొన్ని ఉన్నాయి. ఏదీ ఎండకు నిలవలేదు. ఈ ఏడు ఆ పాత చోటుకు కొంచెం పైన, బలమైన కాడతో తెల్లటిది ఒకటి దొరికింది. చిన్నమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని బస్సెక్కింది. గొట్టాల్లో దారాలు పాకాయి. గుంత మీదికి చెక్క మూత చేయించి తాళం వేసింది.

పాపకు పేరు పెట్టిన రోజు, భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట పెదనాయన ఆమెను పట్టుకున్నాడు. "ఏమ్మా, మళ్లా దొరికిందంట గదా. ఒకతూరి వచ్చి చూస్తా."

"రా బావా, ఎండాకాలంలో రా" అంది చిన్నమ్మ. "కూర వండి పెడతా. అప్పుడు ఎంతసేపన్నా వాసన చూడు."

ఆయన మర్యాద జరిగిందనుకుని నవ్వాడు. నేను నవ్వలేదు, నవ్వబోను కూడా. మా అంగడిలో మూత తీస్తే తెలియని సరుకు లేదు. ఇప్పుడు ఆ తాళం వెనక, ఇసుక కుండలో ఉన్నది పాత పెనుకొండ రకమో కాదో చూస్తే తెలియదు, వాసనకు తెలియదు, చిన్నమ్మకూ తెలియదు. ఎండకు నిలుస్తుందో లేదో చెప్పగలిగేది వచ్చే ఎండాకాలం ఒక్కటే. దానితో బేరమాడి ఒక్క పూట ముందుకు జరపడం నా వల్ల కూడా కాలేదు.