సార్ గదిలో రంగుల గ్రాఫు

క్యాంపస్ కంప్యూటర్ సెంటర్‌లో నేను నెట్‌వర్క్ ఇంజినీరుని. ఆ సెంటర్ డైరెక్టరే నా పీహెచ్‌డీకి గైడ్. ఈ రెండు ముక్కలు చెబితే యూనివర్సిటీలో చదివినవాళ్లకి మిగతా కథ సగం అర్థమైపోతుంది. గైడ్ సంతకం లేనిదే థీసిస్ గడప దాటదు. అలాంటి మనిషికి కాదని చెప్పడం ఎలాగో ఏ కోర్సులోనూ నేర్పరు.

మా ఫైర్‌వాల్ మీద సార్‌కి ఒకటే ఫిర్యాదు, చూడటానికి బాగుండదని. హాస్టళ్లు, లైబ్రరీ, ఆఫీసులు, అందరి ఇంటర్నెట్టూ ఆ ఒక్క పెట్టె గుండానే వెళ్తుంది. అడ్డమైనవన్నీ లోపలికి రాకుండా కాపలా కాసేదీ అదే. దానికి అందమెందుకు? కానీ ఏ బ్లాకు ఎంత డేటా వాడుతోందో రంగుల గ్రాఫుల్లో చూపించే ప్యాకేజీ ఒకటి, అంటే ఫైర్‌వాల్‌కి అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్, సార్ ఏదో వీడియోలో చూశారు. ఇక అది కావాల్సిందేనని పట్టుకున్నారు.

"అది ఫైర్‌వాల్ కంపెనీ వాళ్లు ఇచ్చింది కాదు సార్. ఎవరో తెల్వని మనిషి రాసి నెట్‌ల పెట్టిండు. రాసినాయనే దాన్ని మళ్ల ముట్టుకోక ఏండ్లయింది. రేపు అప్‌డేట్ వస్తే మొత్తం కూలుతది," అని చెప్పాను.

"ఏం కాదమ్మా, ఫ్రీగనే ఉన్నది గదా!"

ఇంటి తాళాల గుత్తి దారిన పోయేవాడి చేతిలో పెట్టడం ఫ్రీ అయితే ఏంటి, కాకపోతే ఏంటి? మళ్లీ మళ్లీ చెప్పాను. చివరిసారి చెప్పినప్పుడు ఆయన బల్ల మీద నా థీసిస్ ఉంది. సార్ దానివైపు చూసి, నా వైపు చూశారు. ఒళ్లు మండుతున్నా ఆ ప్యాకేజీ వేశాను.

అప్పటి నుంచి సార్ గదిలో టీవీ నిండా గ్రాఫులే. ఎవరొచ్చినా ముందు టీ, తర్వాత గ్రాఫు. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా అడిగి తీసుకున్నారు.

నా వైవా రోజు పొద్దున పట్టుచీర కట్టుకుని లాలాపేట్ నుంచి ఆటోలో బయలుదేరాను. తార్నాక ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా సార్ ఫోను.

"నెట్ పోయింది, ఏందమ్మా ఇది? ఎర్రగ అప్‌డేట్ అని వస్తుంటే జర నొక్కిన. ఇయ్యాల ఎక్స్‌టర్నల్ ఆన్‌లైన్ల వస్తున్నరు, అంతా కొత్తగ ఉండాలె గదా!"

ఆ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ తేదీ దొరకడానికే నెలలు పట్టింది. నెట్ లేకపోతే వైవా లేదు. ఫోన్ డేటాతో నడిపిద్దామంటే సెమినార్ హాల్లో సిగ్నల్ ఒక్క గీత కూడా రాదు. ఆటోలోనే ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపమే ఎక్కువ.

సర్వర్ రూంలో ఫైర్‌వాల్ ఆన్ అవుతోంది, మధ్యలోనే ఆగిపోతోంది. కొత్త అప్‌డేట్‌కి కావలసిన ఫైలు చోట ఆ ప్యాకేజీ తన పాత ఫైలు పెట్టుకుని కూర్చుంది. కంపెనీ సపోర్ట్‌కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మొదటి ప్రశ్నే అది.

"బయటి ప్యాకేజీలు ఏమన్నా వేసిన్రా మేడమ్?"

వేశామన్నాను.

"అయితే మేం చూడలేం, సారీ మేడమ్."

ఆమె తప్పేముంది? కొంగు నడుములో దోపుకుని, మొత్తం తుడిచేసి, ఫైర్‌వాల్‌ని మొదటి నుంచి ఎక్కించాను. ఆ ప్యాకేజీ వేయకముందు దాచిన సెట్టింగుల కాపీ ఉంది కాబట్టి బతికాను. సార్ మాత్రం నా వెనకే నిలబడి "అయితదా? అయితదా?" అని ఒకటే పాట. ఇన్నాళ్లూ ఆ ప్యాకేజీ మా క్యాంపస్ సంగతులు బయట ఎవరికైనా పంపిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. సార్‌కి ఆ అనుమానం కూడా రాలేదు.

వైవా ఆలస్యంగా మొదలైనా బాగానే జరిగింది. ఎక్స్‌టర్నల్ మెచ్చుకున్నారు. సార్ నా వైవా రిపోర్టు మీద సంతకం పెట్టారు, అందరూ చప్పట్లు కొట్టారు. స్వీటు నోట్లో వేసుకుంటూ సార్ నా దగ్గరికి వచ్చారు.

"కంగ్రాట్స్ డాక్టరమ్మా! మరి గ్రాఫ్ మళ్ల ఎప్పుడు పెడ్తవ్?"

బల్ల మీదున్న రిపోర్టు తీసి, ఆయన సంతకం ఒకసారి సరిగ్గా చూసుకున్నాను.

"పెట్టను సార్," అన్నాను.