సిస్టరమ్మకు గుడ్డెలుగును చూపించిన వైనం

ఒక నర్సమ్మ ప్రాణాన్నీ, నా పరువునూ, ఒక ఎలుగుబంటి ఉదయపు ఫలహారాన్నీ ఒకే చెట్టు కిందికి తెచ్చిపెట్టిన ఘనుణ్ణి నేను. నన్నెవరూ బలవంతం చేయలేదు. కేవలం నోరు ఊరుకోక చేసిన పని. చదివి మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ అది తలుచుకుంటే సగం నవ్వొస్తుంది, సగం అరచేతులకు చెమటలు పడతాయి.

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచ దగ్గర గోదావరి మీద వంతెన ఇంకా పడని రోజులవి. కాళేశ్వరం పోవాలంటే పడవే గతి. డిగ్రీ పాసై ఉద్యోగం దొరక్క, పాతగూడెం దారిలో ఒక సేవాసంస్థ నడిపే చిన్న దవాఖానలో దుబాసీగా చేరాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బస్టాండులో హిందీ, సంతలో గోండీ మాట్లాడటం మా సిరొంచవాళ్లకు గొప్పేం కాదు, అవి రాకపోతే మాకు రోజు గడవదు. వాటికి తోడు కాలేజీ ఇంగ్లీషు కూడా కాస్త అబ్బింది కాబట్టి నన్ను మించినవాడు ఈ తాలూకాలో లేడనుకునేవాణ్ణి.

ఆ దవాఖానకు టాంజానియా నుంచి ఒక నర్సు వచ్చింది. పేరు నేమా. జీతం తీసుకోకుండా కొంతకాలం సేవ చేసి పోదామని వచ్చిన మనిషి. నెమ్మదస్తురాలు. జ్వరాల కాలమంతా బురదలో ఊరూరా తిరిగి మందులిచ్చింది. ఆమె ఇంగ్లీషులో చెప్పేది, నేను జనానికి తెలుగులో చెప్పాలి. చెప్పినంత వరకే చెప్పి ఊరుకుని ఉంటే ఈ కథ పుట్టేదే కాదు.

మొదట్లో జనం ఆమె దగ్గరికి రావడానికి జంకారు. ఒకనాడు సాలమ్మ అనే పెద్దావిడ జ్వరంతో ఉన్న మనవణ్ణి చంకనేసుకుని వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏం రాజం, ఈ బిడ్డది ఏ ఊరు? సూది మంచిగేస్తదా?" అని నన్నడిగింది.

"ఏమంటున్నారు?" అంది నేమా.

"సూది బాగా వేస్తారా అని."

"నొప్పి తెలియకుండా వేస్తానని చెప్పు."

నేనేం చెప్పానో వినండి. "అత్తా, ఈమెది ఆఫ్రికా. వీళ్ల వాకిట్ల సింహాలు పండుకుంటయి. ఈమె పొద్దుగాల లేచి చీపురుతోని అదిలిస్తే లేచిపోతయి. గసొంటి చేతికి నీ మనవడు ఒక లెక్కనా?"

సాలమ్మ నోరు తెరిచింది, మనవడు ఏడుపు ఆపాడు, సూది పడింది. మరునాటి నుంచి దవాఖాన ముందు వరస కట్టారు. దాంతో నాకు పొగరెక్కింది. వారానికొక సింహాన్ని కలుపుతూ పోయాను. ఒక ఏనుగు కాలికి ఆమె చేత కట్టు కూడా కట్టించాను. జనం ఆమెకు దారి ఇచ్చి పక్కకు జరుగుతుంటే, "మీ వాళ్లకు ఎంత మర్యాద!" అని ఆమె మురిసిపోయేది.

ఇప్పపువ్వు రాలే రోజులొచ్చాయి. నేమా తిరిగి వెళ్లాల్సిన సమయం దగ్గరపడింది. పోయేముందు ఆమెకు కాస్త సెలవు దొరికింది.

"రాజం, ఈ సెలవులో నాకు అడవి జంతువును చూడాలని ఉంది. ఒక్కటి చూసినా చాలు" అంది.

నేను పకపకా నవ్వాను. "మీకెందుకు సిస్టర్? మీ దేశం నిండా అవే కదా!"

ఆమె నవ్వలేదు. "నేను పుట్టింది సముద్రం ఒడ్డున, పెద్ద పట్నంలో. మా నాన్న దర్జీ. సింహాన్ని చూడాలంటే చాలా దూరం పోవాలి, జీపు మాట్లాడుకోవాలి. అవన్నీ విమానాల్లో దిగేవాళ్లకు. వాళ్లు తొడుక్కునే ఖాకీ చొక్కాలు మా నాన్న కుట్టేవాడు, నేను బొత్తాలు వేసేదాన్ని. ఆ చొక్కాలన్నీ సింహాలను చూసొచ్చాయి. నేను చూడలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఈమె చేత ఎన్ని సింహాలను తోలించాను! అప్పుడే నిజం చెప్పేస్తే పోయేది. కానీ ఆమె ముందు పలచనవుతానని భయం, ఊళ్లో పలచనవుతానని ఇంకా భయం. ఆ రెండు భయాలూ కలిసి నా నోరు మూశాయి. కనీసం ఆమె కోరికైనా తీరుద్దామని మల్లయ్య మామ దగ్గరికి పోయాను.

మల్లయ్య మామ వరి పండించే రైతు. ఆయన పొలం అడవి అంచున ఉంది. పొలం దాటితే ఇప్పచెట్లు. తెల్లవారగానే రాలిన పువ్వు తినడానికి ఎలుగుబంట్లు వస్తాయి. వాటిని మేము గుడ్డెలుగు అంటాం. పొలం కాపలాకు వేసిన మంచె ఒకటి ఉంది. దాని మీద కూర్చుని చూస్తే ఏ గొడవా ఉండదని నా లెక్క.

"మామా, సిస్టరమ్మకు గుడ్డెలుగును చూపియ్యాలె. మంచె మీదికెల్లి చూస్తం" అన్నాను.

"మంచెందుకురా? సింహాలను చీపురుతోని అదిలించే బిడ్డను మంచె ఎక్కిస్తవా? ఆమెకు అవమానం గాదు?"

"అది గాదు మామా..."

"నువ్వూకో. నేను జూసుకుంట."

ఆయన చూసుకున్నాడు. మర్నాడు తెల్లవారుజామున పోయేసరికి ఊరు సగం పొలం గట్టు మీదే ఉంది. మామూలుగా ఇప్పపువ్వుకు పోయేవాళ్లు చేతికర్ర పట్టుకుంటారు, డబ్బా వాయిస్తారు, కేకలేస్తారు. ఆ రోజు ఒక్కరి చేతిలోనూ పుల్ల ముక్క లేదు. "సప్పుడు జేస్తే గుడ్డెలుగు ముందే పోతది, ఇగ సిస్టరమ్మ ఎవల్ని అదిలిస్తది?" అని మల్లయ్య మామ అందరి నోళ్లూ కట్టేశాడు. సాలమ్మ ముందుకొచ్చి నేమా చేతిలో ఒక కొత్త చీపురు పెట్టింది.

"ఇదెందుకు రాజం?"

"మా దగ్గర పెద్ద అతిథికి చేసే మర్యాద, సిస్టర్."

నేమా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ చీపురును రెండు చేతులా గుండెకు హత్తుకుంది. సన్మానసభలో పూలగుత్తి అందుకున్నట్టే పట్టుకుంది. ఆమె ముందు నడిచింది, వెనక నేను, నా వెనక ఊరు.

"మామా, జర మంచె ఎక్కుదాం" అని గొణిగాను.

"నీకు భయమైతే నువ్వెక్కు!"

"ఆయనేమంటున్నాడు?" అంది నేమా.

"దారి మంచిదంటున్నాడు."

"ఇంతమంది ఎందుకొస్తున్నారు?"

"మీరంటే ప్రేమ, సిస్టర్."

ప్రేమ ఉన్నమాట నిజమే. ఆ పూట వాళ్లు వచ్చింది మాత్రం వేరే పని మీద. ఆమెకు ఎలుగుబంటిని చూడాలని ఉంది, ఊరికేమో ఆమె దాన్ని తరిమే తీరు చూడాలని ఉంది. ఇద్దరికీ మధ్య ఉన్న ఏకైక దుబాసీని నేను, అయినా ఒక్క నిజాన్నీ ఎటువైపూ దాటించలేదు.

పొలం దాటి ఇప్పచెట్ల మధ్యకు చేరాం. ముందున్న చెట్టు కింద నల్లగా ఏదో కదిలింది. నేల మీద మూతి పెట్టి బుస్సుబుస్సుమని పువ్వు పీలుస్తోంది. జనమంతా ఒక్కసారి ఆగి, చప్పుడు లేకుండా వెనక్కి జరిగారు. నేనూ జరిగాను, కాకపోతే పైకి జరిగాను. అది ఏ చెట్టో నాకు ఇవ్వాళ్టికీ తెలియదు. చెప్పులతో సహా ఎక్కానన్నది తెలుసు.

కిందికి చూస్తే నేమా ఒక్కతే ఉంది. ఎలుగుబంటి తలెత్తి, వెనక కాళ్ల మీద లేచి నిలబడి గాలి వాసన చూసింది. దాని గోళ్లు నాకు స్పష్టంగా కనిపించాయి. "సిస్టర్, కదలకండి" అనాలి. నాకొచ్చిన భాషల్లో ఒక్కటీ గొంతులోంచి బయటికి రాలేదు. ఈ కథలో నాకు నవ్వు రాని చోటు ఇదొక్కటే. ఆ మృగానికి కోపం వచ్చి ఉంటే, ఆ దర్జీకి నేనేమని కబురు పంపేవాణ్ణి? మీ బిడ్డ నా గొప్పల కోసం చచ్చిపోయిందనా?

నేమా కదల్లేదు, అరవలేదు. ఎలుగుబంటి కాసేపు ఆమెను చూసింది. ఆపైన ధబ్బున ముందుకాళ్ల మీదికి దిగి, గుర్రుమంటూ పొదల్లోకి పోయింది.

"జూసిన్రా! చీపురు లేపనే లేదు, గుడ్డెలుగు పరార్!" అని మల్లయ్య మామ ఎగిరాడు.

"నేను చెప్పలే? ఆ చెయ్యే వేరు!" అంది సాలమ్మ.

నేను చెట్టు దిగాను. దిగానంటే మర్యాదగా ఉంటుంది, జారిపడ్డాను. నేమా చీపురు ఒళ్లో పెట్టుకుని చెట్టు మొదట్లో కూలబడి ఉంది. ఇక ఆగలేకపోయాను. పక్కన కూర్చుని వాకిట్లో పండుకున్న సింహాల దగ్గరి నుంచి ఏనుగు కట్టు దాకా అన్నీ చెప్పేశాను.

ఆమె ఒళ్లోని చీపురు వంక చూసింది. తిడితే బాగుండుననిపించింది.

"అంటే ఈ చీపురు...?"

"దాన్ని తరమడానికి, సిస్టర్."

ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కళ్లు తుడుచుకుని, "దాన్ని చూసేదాకా నాకు భయమెందుకు వేయలేదో తెలుసా? పులుల అడవిలో పుట్టినవాడు నా వెనకే ఉన్నాడు, ఇక నాకేమవుతుందిలే అనుకున్నాను" అంది.

నేను పులిని చూసింది సిరొంచలో కిరాణా దుకాణం క్యాలెండరు మీద. ఆ మాట కూడా అప్పుడే చెప్పాను. ఆమె మరింత నవ్వింది. నాకు మాత్రం సిగ్గుతో తల లేవలేదు.

"వాళ్లకు నిజం చెప్పు" అంది, జనాన్ని చూపిస్తూ.

లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "మామా, అత్తా, అందరూ ఇనుండ్రి. సిస్టరమ్మ తన జిందగీల సింహాన్నే చూడలే. అవన్నీ నేను అల్లిన మాటలు. గుడ్డెలుగు దానంతటదే పోయింది" అన్నాను.

మల్లయ్య మామ నన్ను కింది నుంచి మీదికి చూశాడు.

"ఊకోరా. చెట్టు మీదున్నోడివి నీకేం దెలుసు? కింద నిలబడి చూసినోళ్లం మేము జెప్తం!"

జనం నేమాను ముందు నడిపించుకుంటూ ఊళ్లోకి పోయారు. నేను వెనక మిగిలాను. నేను అబద్ధం చెప్పినంతకాలం చెవులొగ్గి విన్నవాళ్లు, ఒక్క నిజం చెప్పేసరికి వినలేదు. ఆవిడ దేశం వెళ్లిపోయాక కూడా మా వైపు ఊళ్లలో ఆ కథే నడిచింది. అందులో నేను చెట్టు మీద ఉంటాను.

కాబట్టి, ఓ పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి మాటకూ నా సొంత ఉప్పూకారం కలపను. నోరు జారి కలిపితే, ఆ మాట మోయాల్సిన మనిషి పక్కనే నేల మీద నిలబడతాను.