వెల్లుల్లి నూనె గరిటె

నిన్న సాయంత్రం మా వంటింట్లోంచి వెల్లుల్లి నూనె కాగుతున్న వాసన వచ్చింది. మన ఈడు వాళ్లకు ఆ వాసన అంటేనే చెవిపోటు. గుర్తుందా? ఇనుప గుంటగరిటె, అందులో చిటపటలాడే వెల్లుల్లి రెబ్బ, తర్వాత చెవిలో ఇంత దూది.

అమీర్‌పేటలో నాన్న టైలర్ షాపు వెనక గదిలో ఉండేవాళ్లం. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ నా ఎడమ చెవిలో అలాగే నూనె పోసింది. తెల్లారేసరికి దిండు తడిసింది, నొప్పి మాయమైంది. "నూనె మస్తు పనిచేసింది" అని అమ్మ గల్లీ అంతా చెప్పింది. నిజానికి లోపల చీము నిండి కర్ణభేరి పగిలింది. నొప్పి పోయింది అందుకే. డాక్టరుకు చూపించకపోవడంతో ఆ చెవి ఏళ్ల తరబడి కారింది. ఇప్పటికీ సరిగ్గా వినబడదు.

నిన్న చెవిపోటు నా కూతురికి. నూనె కాస్తున్నది అమ్మే. స్టవ్ ఆర్పేసి పిల్లను పంజాగుట్టలో డాక్టరుకు చూపించాను. జలుబు ముదిరి కర్ణభేరి వెనక చీము పట్టిందట. నొప్పికి సిరప్, ఇన్ఫెక్షన్‌కు ఇంకో మందు రాశారు. "నొప్పి తగ్గిందని మందు మధ్యలో ఆపకండి. చెవిలో మాత్రం ఏమీ పోయకండి" అన్నారు.

ఇంటికొచ్చి డాక్టరు మాట చెప్పాక అమ్మ నా ఎడమ పక్కన కూర్చుని మెల్లగా అడిగింది: "అయితే గప్పుడు నీ చెవి నేనే ఖరాబు చేసిన్నా బిడ్డా?"

వినబడనట్టే ఉండిపోయాను. మందు సీసా ఆమె చేతిలో పెట్టి, "పిల్లకు రోజూ నువ్వే తాపమ్మా" అన్నాను.