పిస్తోలుకు ఏ నూనె రాయాలి

నేను పోలీసు శాఖలో గన్‌మన్‌గా ఉన్న రోజుల్లో, నా పిస్తోలుకు ఏ నూనె రాయాలన్న విషయం మీద మా ఇంట్లో అభిప్రాయం లేని మనిషి లేడు. నాచారంలో రెండు గదుల అద్దె ఇల్లు మాది. నేను, నా భార్య, మా అత్తమ్మ, బామ్మర్ది ఉండేవాళ్లం. పిస్తోలు ఒక్కటే, సలహాలు మాత్రం బోలెడు.

అంతకుముందు నాకు పొడుగు తుపాకీ ఇచ్చేవారు. ఒక పెద్దాఫీసరు వెంట డ్యూటీ వేశాక పిస్తోలు చేతిలో పెట్టారు. మా ఆయుధాల మరమ్మతు చూసే హెడ్ కానిస్టేబులు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన, దాంతోపాటు ఒక చిన్న సీసాలో నూనె ఇచ్చాడు. చూస్తే నీళ్లలా ఉంది.

"పట్టాల మీద ఒక్కో సుక్క, గొట్టం మీద ఒక సుక్క. బట్టతోని తుడువు. గంతే," అన్నాడు.

పట్టాలంటే పిస్తోలు పైభాగం ముందుకూ వెనక్కూ జారే గాడులు. తూటా పేలిన ప్రతిసారీ ఆ పైభాగం తనంత తానే వెనక్కి పోయి, ఖాళీ తొడుగును బయట పారేసి, కొత్త తూటాను లోపలికి తోస్తుంది. అది సాఫీగా జారకపోతే మన చేతిలో ఉన్నది ఉత్త ఇనుప ముక్కే.

నాకు ఆ నూనె మీద నమ్మకం కుదరలేదు. సర్కారు ఊరికే ఇచ్చే ఏ వస్తువు మీదైనా నాకు మొదటినుంచీ అనుమానమే. పైగా మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి ఇల్లు చేరేసరికి నా నల్లటి మీసాలు నెరిసిపోయేవి. అంత దుమ్ములో ఈ నీళ్ల నూనె ఏ మూలకు వస్తుంది అనుకున్నాను.

అసలు భయం వేరే ఉంది. ముందటేడు ఫైరింగ్ పరీక్షలో తప్పాను. ఈసారి కూడా తప్పితే గన్‌మన్ డ్యూటీ తీసేసి బెటాలియన్‌కు పంపిస్తారు. అంటే ఎక్కడో జిల్లా చివర, బారక్‌లో ఒక మంచం. నా భార్యకు రామంతాపూర్‌లో టీచరు ఉద్యోగం అప్పుడే దొరికింది. పెళ్లయి ఆరేళ్లయినా మేమిద్దరం ఒక కప్పు కింద ఉండడం మొదలై ఏడాదే. అది పోతుందంటే నాకు నిజంగానే గుండెల్లో రాయి పడేది. పైకి మాత్రం అందరి మీదా విసుక్కునేవాణ్ని. నా భయమెప్పుడూ కోపం వేషంలోనే బయటికొస్తుంది.

ఇంట్లోవాళ్లకు నా సంగతి తెలుసు కాబట్టి తలా ఒక మందు చెప్పారు. నా భార్య కుట్టుమిషను నూనె డబ్బా ముందు పెట్టింది. అత్తమ్మ కొబ్బరినూనె అంది. ఆవిడ తలనొప్పికీ, కీచుమనే తలుపుకీ అదే వాడేది. నాచారం పారిశ్రామికవాడలో లేత్ మీద పనిచేసే బామ్మర్ది ఒక చిన్న డబ్బాలో గ్రీజు తెచ్చాడు.

"ఇనుము మీద ఇనుము జారాల్నంటె గ్రీజే గావాలె బావా. మా మిషన్లకు గిదే పెడ్తం. ఇరవయ్యేండ్ల సంది నడుస్తున్నయి," అన్నాడు.

ఇరవయ్యేళ్లు అనేసరికి పడిపోయాను. పట్టాల నిండా వేలితో దట్టించాను. లాగి చూస్తే పైభాగం వెన్నలా జారింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

పరీక్షకు రెండు రోజుల ముందు దసరా వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు పనిముట్లన్నీ పూజకెక్కుతాయి. బామ్మర్ది పానాలు, కుట్టుమిషను, కత్తిపీట, నా భార్య ఎర్ర పెన్నులు, నా బండి. వాటి మధ్య పిస్తోలు. తూటాల గూడు తీసి బీరువాలో పెట్టి, లోపల ఖాళీయో కాదో రెండుసార్లు చూసి, పీట మీద ఉంచి, నేను జమ్మి ఆకు తేవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పిస్తోలు పెళ్లికూతురిలా ఉంది. పసుపు, కుంకుమ, పూలు, అక్షింతలు, దేనికీ అత్తమ్మ వెనకాడలేదు. సాయంత్రం పైపైన బట్టతో తుడిచి ఒరలో పెట్టుకున్నాను. లోపల చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

పరీక్ష నాడు మొదటి గుండు చక్కగా తగిలింది. రెండోదానికి మీట నొక్కితే చప్పుడు లేదు. పైభాగం సగం దూరం వచ్చి ఆగిపోయింది. లాగితే రాలేదు, తోస్తే పోలేదు. బెటాలియన్ మంచం కళ్లముందు కనబడింది.

చెయ్యెత్తి నిలబడ్డాను. నూనె సీసా ఇచ్చిన పెద్దాయన వచ్చి పిస్తోలు తీసుకుని, బల్ల మీద విప్పాడు. లోపల గ్రీజు, ఉప్పల్ దుమ్ము, పసుపు, కుంకుమ అన్నీ కలిసి పులిహోర అయ్యాయి. మధ్యలో మెతుకుల్లా గింజలు కూడా ఉన్నాయి.

"ఏం బెట్టినవ్ దీన్ల?"

"గ్రీజు, అన్నా."

"మరి గీ బియ్యం?"

"అక్షింతలు."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "పిస్తోలుకు లగ్గం జేసినవా?" అన్నాడు.

వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. పెద్దాయన మాత్రం మా ఇంటి సలహాలన్నీ అడిగి తెలుసుకుని, తుడుస్తూనే పాఠం చెప్పాడు. "గ్రీజు మంచిదే, లేత్‌కు. లేత్ ఒక్క జాగల నిలబడ్తది. దాన్ని నడుముకు కట్టుకోని రోడ్డు మీద తిరుగుతమా? మందంగ ఉన్నదానికి దుమ్ము పడ్తది. కొబ్బరినూనె సలికి గడ్డకడ్తది. కుట్టుమిషను నూనె జర నయం గని, వేడికి నిలవది. పల్సటిది గావాలె, తక్కువ గావాలె. తూటాలకు మాత్రం సుక్క గూడ తాకొద్దు." అదే సీసా, అదే నీళ్ల నూనె, మూడు చుక్కలు.

ఇంతలో పరీక్ష పెట్టే ఆఫీసరు వచ్చి ఏమైందని అడిగాడు.

"చిన్న అడ్డం సార్. తీసేసిన," అన్నాడు పెద్దాయన, అక్షింతలున్న గుడ్డను గుప్పిట్లో మూసి. ఆ ఒక్క మాటకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. మిగిలిన గుండ్లు కాల్చాను. పాసు మార్కుల గీతకు కాస్త పైన గట్టెక్కాను.

ఇంటి దగ్గర నా భార్య గేటు పట్టుకుని నిలబడి ఉంది. "ఈడ్నే ఉంటమా?" అని అడిగింది. ఉంటామన్నాను. లోపలికొచ్చి జరిగిందంతా చెబితే కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. బామ్మర్ది ఏదో పనున్నట్టు మెల్లగా జారుకున్నాడు. అత్తమ్మ మాత్రం చిక్కుడుకాయలు గిల్లుతూ కూర్చుంది.

"నువ్వు జేసిన పూజకు పిస్తోలు పేలనే లేదు అత్తమ్మా," అని ఆటపట్టించాను.

ఆవిడ తలెత్తలేదు. "నేను మొక్కింది గదే గద బిడ్డా," అంది. "నీ నడుముకున్నది ఎన్నడు పేలే గతి రావొద్దని మొక్కిన."

నాకు నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్లూ మేమంతా అది ఎట్లా పేలాలా అని నూనెలు వెతికాం. ఆ ఇంట్లో నేను క్షేమంగా తిరిగి రావాలని అడిగింది ఆవిడ ఒక్కతే. పక్కన కూర్చుని నేనూ నాలుగు చిక్కుడుకాయలు గిల్లాను. నా సర్వీసు మొత్తంలో పరీక్షల్లో తప్ప బయట ఒక్క గుండు కూడా పేల్చలేదు.