జ్వరం ఏరిన రక్తం

మా పెద్దమ్మాయి పోయింది. భద్రాచలం దవాఖానాలో రక్తం ఎక్కుతుండగానే పోయింది. సికిల్ సెల్ జబ్బు. రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి నరాల్లో ఇరుక్కుంటాయి. మా అడవి పక్క ఊళ్లలో చాలా ఇళ్లలో ఉంది, పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. "నొప్పుల పిల్ల" అని ఊరుకుంటారు. నేను పెద్దగా చదువుకోలేదు. తోచినట్టు రాస్తున్నాను, సర్దుకుని చదవండి.

ములకలపల్లిలో కుట్టు మిషన్ పెట్టుకుంది. పక్కన ఎప్పుడూ నీళ్ల సీసా. "నీళ్లు తాగకుంటే నా రక్తం కొడవళ్లు నూరుతదే" అనేది. నొప్పి లేచిన రోజున మోకాలికి వేడి గుడ్డ చుట్టుకుని కుట్టేది. జాకెట్టు ఇంకా కాలేదా అని కుట్టించుకునేవాళ్లు గొణిగితే, "కాలు అలిగింది పిన్నీ, బతిమాలుతున్న" అనేది. పర్ణశాలకు పోతే మేమంతా గోదావరిలో మునిగేవాళ్లం. చన్నీళ్లు పడవని తను గట్టు మీదే కూర్చునేది. "మీరు పాపాలు కడుక్కోండ్రి, చెప్పులు నేను చూస్త" అని నవ్వేది.

మా అమ్మకు ఒక గర్వం ఉండేది. మలేరియా ఊరంతా ఊడ్చినా మా ఇంట్లో ఒక్క ప్రాణమూ పోలేదని. ఆ గట్టి రక్తం బయటికి పోకూడదనే నన్ను తన తమ్ముడి కొడుక్కి ఇచ్చింది. అందరం మంచిదే అనుకున్నాం.

పెద్దమ్మాయి డాక్టరమ్మను అడిగి అడిగి తెలుసుకుంది. ఒకరోజు మా అమ్మ మిరప విత్తనాలు ఏరుతుంటే ఎదురుగా కూర్చుంది.

"అమ్మమ్మా, ఎన్నడో ఎవరి రక్తంలనో ఒక మార్పు వచ్చింది. దోమ తెచ్చింది కాదు, దానంతట అదే వచ్చింది. అమ్మ దిక్కు నుంచో నాయిన దిక్కు నుంచో అది ఒక్క పాలు, ఒక్క వంతే, వస్తే మలేరియా ప్రాణం దాకా పోదు. గా మార్పు లేని పిల్లలు శానామంది జ్వరానికి పోయిండ్రు. ఉన్నోళ్లు మిగిలి పిల్లల్ని కన్నరు. నువ్వు విత్తనం ఏరినట్టే జ్వరం మనల్ని ఏరింది."

"అయితే మంచిదే గదనే!"

"నీకు మంచిదే. అమ్మకు ఒక పాలు, నాయినకు ఒక పాలు. నాకు రెండూ వచ్చినయ్. నువ్వు దోమకు దొరకలే, నేను నీ రక్తానికి దొరికిన."

అమ్మ తల ఎత్తలేదు. "మాకేం ఎరుక బిడ్డా" అంది.

"అప్పుడు ఎరుక లేదు, సరే. ఇప్పుడు ఎరుకై గూడ చెల్లె పెళ్లి గిట్లనే చేస్తే నేనూకోను."

ఊరుకోనన్న పిల్ల లేకుండా పోయింది. ప్రాణాలు నిలబెట్టిన రక్తమే ప్రాణం తీస్తే ఎవరిని తిట్టాలో నాకు తెలియడం లేదు.

దినాలు ముగిసిన సాయంత్రమే మా తమ్ముడు చీర, పూలు పట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఇంట్ల ఒక మంచి మాట పడాలె. చిన్నదాన్ని నా కొడుక్కియ్యి."

"ముందు ఇద్దరికీ రక్తం చూపిద్దాం తమ్ముడూ."

"వానికేమైందే? ఒక్కనాడన్న మలేరియాతోని పండుకున్నడా? ఇనుప ముక్క!"

"అవ్. గందుకే భయం."

చీర చంకన పెట్టుకుని లేచాడు. "బిడ్డ పోయినంక దీనికి మతి గూడ పోయింది" అని వాకిట్లో అందరికీ వినబడేలా అన్నాడు. అననీ. నా మాట నేను వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు చిన్నదాన్ని దవాఖానాకు తీసుకుపోయాను. దానికీ ఒక పాలు ఉందన్నారు. ఇక తేలాల్సింది మా తమ్ముడి కొడుకు సంగతి. కబురు పెడితే వాళ్ల నాయినకు చెప్పకుండా వచ్చాడేమో, బండి గేటు దగ్గర ఆపి, ఇంజన్ మాత్రం ఆపలేదు. చిన్నది వరండాలో నిలబడి, మోచేతి మడతలో దూదిని వేలితో నొక్కిపట్టుకుని, వాడు బండి దిగుతాడా లేదా అని చూస్తోంది.